పురి తిరిగిన కాంతి

ఒంగోలు దగ్గరి కొత్తపట్నం ఒడ్డున పడవ కట్టే మోకు కొసను కాస్త పురి విప్పి చూస్తే మూడు పేటలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక పేట మీద వేలు పెట్టి, దాన్ని వదలకుండా తాడు చుట్టూ ఒక చుట్టు తిప్పుకొస్తే వేలు బయలుదేరిన చోటికి రాదు. కొంత ముందుకు జరుగుతుంది. ఆ జరిగిన మేరలోనే మిగతా రెండు పేటలూ సర్దుకుని ఉంటాయి. ఎన్ని పేటలు వేసి పేనారు, కుడివైపు పేనారా ఎడమవైపు పేనారా అన్న రెండు సంగతులు తెలిస్తే ఆ తాడు అల్లిక మొత్తం తెలిసినట్టే.

కాంతిని కూడా ఇలాగే పేనవచ్చు. మామూలు లేజర్ కిరణంలో తరంగ శిఖరాలు చదునుగా, ఒకదాని వెనక ఒకటి సమాన దూరంలో సాగిపోతాయి. హీలియం–నియాన్ లేజర్ ఎర్ర కాంతిలో ఆ ఎడం 633 నానోమీటర్లు. పురి తిరిగిన కిరణంలో శిఖరం చదునుగా ఉండదు, కిరణపు నడిమి గీత చుట్టూ మెలి తిరుగుతూ ముందుకు పోతుంది. మూడు పేటల కిరణమైతే శిఖరాన్ని పట్టుకుని ఒక చుట్టు తిరిగేసరికి మూడు తరంగదైర్ఘ్యాలు ముందుకు వెళతాం. మధ్యలో మిగతా రెండు శిఖరాలూ ఉంటాయి. ఈ పేటల లెక్కను భౌతిక శాస్త్రవేత్తలు ‘ఎల్’ అనే అక్షరంతో రాస్తారు. కుడి పురికి ధనం, ఎడమ పురికి రుణం.

ఈ కిరణాన్ని గోడ మీద పడనిస్తే చుక్క కనిపించదు, నడుమ నల్లగా ఉన్న వలయం కనిపిస్తుంది. నడిమి గీత దగ్గర తరంగపు అన్ని దశలూ, శిఖరం నుంచి లోయ దాకా, ఒకే చోట కలుస్తాయి. ఎగువ దశ ఒకవైపు, దాన్ని సరిగ్గా రద్దు చేసే దిగువ దశ ఇంకోవైపు ఉండటంతో మొత్తం సున్నా అవుతుంది. కటకం పెట్టి ఎంత కుదించినా ఆ చీకటి పూడదు. పేటలు పెరిగేకొద్దీ వలయం ఇంకా వెడల్పవుతుంది.

సముద్రంలోనూ ఇలాంటి చోట్లు ఉన్నాయి, వాటి గణితం కూడా ఇదే. కొత్తపట్నం దగ్గర పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. పటం మీద పోటు ఒకే వేళకు వచ్చే చోట్లను కలుపుతూ గీతలు గీస్తే, కొన్ని సముద్రాల్లో ఆ గీతలన్నీ ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. పోటు ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది, బిందువు దగ్గర మాత్రం నీరు లేవదు, దిగదు. ఉత్తర సముద్రంలో అలాంటి చోటు ఉండాలని 1836లో విలియం హ్యూవెల్ అన్నాడు. 1840లో కెప్టెన్ హ్యూయెట్ ఓడలో వెళ్లి లోతులు కొలిచి, అక్కడ నీటి మట్టం దాదాపు మారడం లేదని చూశాడు. ఏ తరంగంలోనైనా ఇలాంటి ముడులు పుడతాయని బ్రిస్టల్‌లో జాన్ నై, మైకేల్ బెర్రీ 1974లో సాధారణ సూత్రంగా నిరూపించారు.

కాంతిలో ఇంకో రకం తిరుగుడు కూడా ఉంది, ముందు చెప్పబోయే లోహపు ఉపరితలాల కథకు అదే ఇరుసు. వృత్తాకార ధ్రువణం ఉన్న కాంతిలో, ఒక్కచోట నిలబడి చూస్తే విద్యుత్ క్షేత్రపు దిశ ముల్లులా గిరగిరా తిరుగుతుంది. శిఖరం చదునుగానే ఉన్నా క్షేత్రం తిరుగుతుంది. దీన్ని స్పిన్ అంటారు. ఒక్కో ఫోటాన్, అంటే కాంతి రేణువు, మోసే స్పిన్ ఒక్క ప్రమాణమే, కుడికో ఎడమకో. ఈ సంగతిని ప్రయోగంతో పట్టుకున్నవాళ్లలో ఒకరు తెలుగువారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909 అక్టోబరు 14న పుట్టిన సూరి భగవంతం, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగ నిరూపణ దొరికిందని ప్రకటిస్తూ వారిద్దరూ 1931లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వ్యాసం రాశారు. అణువుల మీద పడి చెదిరిన కాంతిలో ధ్రువణం ఎంత చెడుతోందో కొలిచి, ఆ కొలతల నుంచి ఫోటాన్ ఒక ప్రమాణం కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు ఊపు) మోస్తోందని వాదించారు. అప్పటికి భగవంతం వయసు 22 దాటలేదు. కాంతి స్పిన్ ఒక స్ఫటికపు పలకను నిజంగా తిప్పగలదని ప్రిన్స్‌టన్‌లో రిచర్డ్ బెత్ కొలిచి చూపింది ఆ తర్వాత, 1936లో.

భగవంతం పేరు చెప్పగానే ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా వైస్ ఛాన్సలర్ పదవి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ పదవి, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు పదవి గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ పదవులన్నిటికంటే 1931 నాటి ఆ వ్యాసమే గొప్పగా తోస్తుంది. ఇవాళ బంగారు పొర మీద కాంతిని పేనే ప్రతివాడూ పెట్టుబడిగా పెట్టేది ఆ ఒక్క ప్రమాణం స్పిన్‌నే.

స్పిన్ సంగతి అలా తేలిపోయినా, శిఖరపు మెలికలో కూడా కోణీయ ద్రవ్యవేగం ఉంటుందని స్పష్టంగా చెప్పడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో లెస్ అలెన్, బైజర్స్‌బెర్గెన్, స్ప్రేవ్, వూర్డ్‌మాన్ ఆ లెక్క వేశారు. మూడు పేటల కిరణంలో ఒక్కో ఫోటాన్ మూడు ప్రమాణాలు మోస్తుంది. పది పేటలైతే పది. స్పిన్‌కు ఒకటే హద్దు, పురికి సిద్ధాంతపరంగా హద్దు లేదు. 1995లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఇలాంటి కిరణంతో సూక్ష్మమైన కణాలను పట్టి గిరగిరా తిప్పి చూపించారు.

పురి ఎలా ఎక్కించాలి? ఒక దారి గాజు. చుట్టూ తిరిగేకొద్దీ మందం పెరుగుతూ వచ్చి చివర ఒక మెట్టు దగ్గర తెగిపోయే పలక చేస్తే, మందమైన చోట కాంతి ఎక్కువ ఆలస్యమవుతుంది, శిఖరం మెలి తిరుగుతుంది. 1.5 వక్రీభవన గుణకం ఉన్న గాజులో, ఎర్ర కాంతికి ఒక పేట పురి కావాలంటే ఆ మెట్టు ఎత్తు సుమారు 1.27 మైక్రోమీటర్లు ఉండాలి. ఇంకో దారి, మధ్యలో గీత చీలి పంగలా విడిపోయే హోలోగ్రామ్. కీవ్‌లో మారాట్ సోస్కిన్ బృందం 1990 ప్రాంతంలో దాన్ని వాడింది. రెండూ బాగానే పనిచేస్తాయి. కానీ గాజు పలకలో దశ పుట్టేది కాంతి పదార్థంలో నడిచిన దూరం వల్ల. కాంతిని ఆలస్యం చేయాలంటే దాన్ని కొంత దూరం నడిపించక తప్పదు.

లోహం ఈ షరతును పక్కన పెట్టేసింది. బంగారపు చిన్న కడ్డీ మీద కాంతి పడితే అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. ఎంత వేగంగా ఊగడం వాటికి సహజమో నిర్ణయించేది కడ్డీ పొడవు. కాంతి ఊపు ఆ సహజ వేగం కన్నా నెమ్మదిగా ఉంటే ఎలక్ట్రాన్లు వెంటనే తోడు పోతాయి. వేగంగా ఉంటే అర ఆవర్తనం వెనకబడతాయి. అంటే పొడవు కాస్త అటూ ఇటూ మార్చితే చాలు, కడ్డీ తిరిగి వెదజల్లే కాంతి దశ మారిపోతుంది. పదార్థంలో ప్రయాణం అక్కర్లేదు.

2011లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో ప్రయోగశాల నుంచి నాన్‌ఫాంగ్ యూ, సహచరులు ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పని ఈ ఊహకు కట్టిన రూపం. ఒక్క తిన్నని కడ్డీతో అర ఆవర్తనం దాకానే దశ మార్చగలం. వాళ్లు ఆంగ్ల ‘వి’ ఆకారంలో కడ్డీలు చేశారు. ఆ ఆకారంలో ఎలక్ట్రాన్లు రెండు రకాలుగా ఊగగలవు. ఆ రెండింటి కలయికతో మొత్తం ఆవర్తనం చేతికొచ్చింది. 45 డిగ్రీల తేడాతో ఎనిమిది రకాల ‘వి’లు తయారుచేసి, సిలికాన్ పలకను ఎనిమిది భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో రకాన్ని నాటారు. 8 మైక్రోమీటర్ల పరారుణ కాంతి ఆ పలక దాటి వచ్చేసరికి పురి తిరిగి ఉంది. బంగారం మందం 50 నానోమీటర్లు, అంటే ఆ కాంతి తరంగదైర్ఘ్యంలో 160వ వంతు.

నాకు ఇంతకన్నా అందంగా కనిపించేది మరో పద్ధతి. ఇందులో కడ్డీలన్నీ ఒకే పొడవు, ఒకే వెడల్పు. మార్చేది ఒక్కటే, ఏ కడ్డీని ఎంత కోణంలో పడుకోబెట్టామన్నది. దాని మూలం మన దేశంలోనే ఉంది. 1956లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణన్ పంచరత్నం, కాంతి ధ్రువణం ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ పోతే నడిచిన దూరంతో సంబంధం లేకుండా కేవలం ఆ మార్పుల దారిని బట్టే అదనపు దశ చేరుతుందని చూపాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు నిండలేదు. ముప్పై ఏళ్ల తర్వాత బెర్రీ ఆ పని విలువను ప్రపంచానికి చూపించాడు.

కడ్డీ విషయంలో అది ఇలా జరుగుతుంది. వృత్తాకార ధ్రువణంతో వచ్చే కాంతి క్షేత్రం తిరుగుతూ వస్తుంది. కడ్డీకి తన పొడవు వెంబడి ఉన్న క్షేత్రమే తగులుతుంది. కడ్డీని 30 డిగ్రీలు తిప్పి పెడితే తిరిగే క్షేత్రం దాని వరసలోకి రావడానికి 30 డిగ్రీలు ఆలస్యం. కడ్డీ తిరిగి వెదజల్లిన కాంతిలో ఎదురు వాటంగా తిరిగే భాగాన్ని విడిగా చూస్తే, అక్కడ ఇంకో 30 డిగ్రీలు చేరుతుంది. మొత్తం 60. ఎంత కోణం తిప్పితే దానికి రెట్టింపు దశ. పొడవుతో పని లేదు కాబట్టి ఈ లెక్క ఒక్క రంగుకే కట్టుబడదు.

ఇప్పుడు కడ్డీలను ఒక కేంద్రం చుట్టూ, అన్నీ కేంద్రం వైపు చూసేలా పేర్చండి. చుట్టూ ఒకసారి తిరిగేసరికి కడ్డీ కోణం ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, దశ రెండు చుట్లు తిరుగుతుంది. బయటికొచ్చేది రెండు పేటల కిరణం. కోణీయ ద్రవ్యవేగం జమాఖర్చు చూస్తే మనసు నిండుతుంది. లోపలికి వచ్చిన ఫోటాన్ స్పిన్ ధన ఒకటి. బయటికి పోయేది రుణ ఒకటి. రెండు ప్రమాణాలు తగ్గాయి. అవి ఎక్కడికీ పోలేదు, రెండు పేటల పురిగా అదే ఫోటాన్‌లో కూర్చున్నాయి. ఏ వైపు తిప్పినా ఒకేలా కనిపించే ఈ పలక తనకంటూ ఏమీ ఉంచుకోలేదు. అదే కడ్డీలను చుట్టుకు అర తిరుగుడు మాత్రమే తిరిగేలా పేరిస్తే ఒక పేట పురి వస్తుంది, మిగిలిన ఒక ప్రమాణాన్ని పలక పుచ్చుకుంటుంది. ఒక మిల్లీవాట్ ఎర్ర కాంతి సెకనుకు సుమారు 3,200 లక్షల కోట్ల ఫోటాన్లు మోసుకొచ్చినా ఆ తోపు ఏ తక్కెడకూ అందనంత చిన్నది. చిన్నదైనా లెక్క మాత్రం తప్పదు. 1931లో కలకత్తాలో తేల్చిన ఆ ఒక్క ప్రమాణమే ఇక్కడ చేతులు మారుతోంది.

ఈ పలకను చేసే తీరు చూడాలి. సిలికాన్ ముక్క మీద అక్రిలిక్ షీట్లు చేసే ప్లాస్టిక్‌నే పల్చగా పూస్తారు. ఎలక్ట్రాన్ కిరణంతో ఆ పూత మీద ఒక్కో కడ్డీనీ గీస్తారు. గీసిన చోట ప్లాస్టిక్ గొలుసులు తెగి, ద్రావణంలో ముంచగానే ఆ భాగం కరిగిపోతుంది, గుంటలు మిగులుతాయి. శూన్యంలో బంగారాన్ని వేడిచేసి ఆవిరి పట్టిస్తారు. బంగారం సిలికాన్‌కు సరిగా అంటదు, అందుకని ముందు రెండు మూడు నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేస్తారు. చివరికి ఎసిటోన్‌లో నానబెడితే ప్లాస్టిక్ పైనున్న బంగారంతో సహా లేచిపోయి, గుంటల్లో పడిన బంగారం మాత్రమే మిగులుతుంది. 300 నానోమీటర్లకు ఒకటి చొప్పున పేరిస్తే, ఒక్క మిల్లీమీటరు చదరంలో కోటీ పదకొండు లక్షల కడ్డీలు పడతాయి. ప్రతిదాని కోణమూ ముందే లెక్కగట్టి ఉంటుంది.

లోహానికి ఒక పెద్ద లోపం ఉంది. ఊగే ఎలక్ట్రాన్లు వేడి పుట్టిస్తాయి, కాంతి కొంత అక్కడే ఖర్చవుతుంది. అదీకాక పల్చని ఒంటి పొర గుండా దాటే కాంతిలో ఎదురు ధ్రువణంగా మారేది ఎంత బాగా చేసినా నాలుగో వంతుకు మించదు. దీనికి విరుగుడు, కాంతిని దాటనివ్వకుండా తిప్పికొట్టడం. అడుగున బంగారపు అద్దం, దాని మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర, ఆ పైన కడ్డీలు పెట్టిన పలకతో 2015లో 80 శాతం సామర్థ్యం ఉన్న హోలోగ్రామ్ చూపించారు. దృశ్య కాంతిలో దాటించే పలకలు కావాలనుకునేవాళ్లు మాత్రం ఇప్పుడు టైటానియం డయాక్సైడ్, సిలికాన్ వైపు వెళ్లారు. లోహం గెలిచేది వేరే చోట. కాంతిని తరంగదైర్ఘ్యం కన్నా ఎంతో ఇరుకైన చోటికి కుదించాలంటే లోహమే కావాలి.

దానికి చక్కని ఉదాహరణ బంగారు పొరలో కోసిన సర్పిలాకారపు సందు. చుట్టు చుట్టుకూ సందు కేంద్రానికి ఒక ప్లాస్మాన్ తరంగదైర్ఘ్యం దూరం జరుగుతుంది. ప్లాస్మాన్ అంటే లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పాకే కాంతి, ఎలక్ట్రాన్ల ఉమ్మడి అల. ఒక వాటపు (కుడికో ఎడమకో తిరిగే) కాంతి వేస్తే సర్పిలం ఎక్కించే పురి, కాంతి స్పిన్ ఒకదానినొకటి కొట్టేసుకుని కేంద్రంలో వెలుగు చుక్క వస్తుంది. ఎదురు వాటపు కాంతి వేస్తే రెండూ కూడి, నడుమ చీకటితో వలయం వస్తుంది. జుట్టు వెంట్రుక వెడల్పులో ఇమిడే ఈ పొర కాంతి ఏ వాటానిదో చెప్పేస్తుంది.

మన దగ్గర ఈ రంగంలో పని తక్కువేమీ కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నిర్మల్ విశ్వనాథన్ బృందం కాంతి స్పిన్, పురి ఒకదానిలోకి ఒకటి మారే తీరును ఏళ్ల తరబడి శోధించింది. ఆప్టికల్ ఫైబర్ నుంచే ఇలాంటి కిరణాలను రాబట్టింది. అదే విశ్వవిద్యాలయంలో సోమా వేణుగోపాలరావు బృందం ఫెమ్టోసెకండ్ లేజర్‌తో వెండి, బంగారం ఉపరితలాలను నానో స్థాయిలో గరుకు చేసి, వాటి మీద పేలుడు పదార్థాల జాడలను రామన్ వర్ణపటంతో పట్టింది. మంగళగిరి దగ్గర ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయంలో సల్లా గంగిరెడ్డి పని, పురి తిరిగిన కిరణాలు గరుకు తలాల మీద చెదిరినప్పుడు ఏమవుతుందన్న దాని చుట్టూ నడిచింది.

చెదరడం చిన్న సమస్య కాదు. వేర్వేరు పేటల కిరణాలు ఒకదానిలో ఒకటి కలవవు కాబట్టి ఒకే దారిలో చాలా కబుర్లు ఒకేసారి పంపవచ్చు. 2012లో ఆ పద్ధతిలో సెకనుకు లక్ష కోట్ల బిట్లకు పైగా గాలిలో పంపారు. 2016లో కెనరీ దీవుల మధ్య 143 కిలోమీటర్లు పంపారు, కొత్తపట్నం నుంచి గుంటూరు దూరం కన్నా ఎక్కువ. కానీ మే నెలలో కొత్తపట్నం ఇసుక మీద గాలి ఉడుకుతున్నప్పుడు మూడు పేటల కిరణం వదిలితే, నడిమి చీకటి ఒక్కటిగా నిలవదు. మూడు చిన్న చీకటి చుక్కలుగా విడిపోతుంది. మొత్తం పురి మారదు, దాన్ని పట్టి చదవడమే కష్టమవుతుంది.

మన ప్రాంతానికి అంతకన్నా దగ్గరి పని ఒకటి ఉందని నా నమ్మకం. అది పత్తిగింజలో ఉంది. పత్తిగింజలోని పసుపు పచ్చని గాసిపాల్ అణువులో రెండు సమానమైన భాగాలు ఒక్క బంధంతో అతుక్కుని ఉంటాయి. చుట్టూ ఇరుకు కావడంతో ఆ బంధం స్వేచ్ఛగా తిరగలేదు. అందుకే అణువు ఎడమకో కుడికో మెలిపడి అలాగే ఉండిపోతుంది. రెండు రూపాలూ అద్దంలో ప్రతిబింబాలు, బరువు ఒకటే, కట్టుబాటు ఒకటే. రుణ రూపమే ఎక్కువ విషం. పురుషులకు గర్భనిరోధకంగా చైనాలో 1970లలో పరీక్షించిన గాసిపాల్‌లో పనిచేసింది కూడా ఆ రూపమే. ఒంగోలు ఎద్దుకు పత్తిగింజలు పెడితే నెమరేసే పొట్టలో గాసిపాల్ చాలావరకు ప్రోటీన్లకు అతుక్కుని పడి ఉంటుంది. కోడికి ఆ రక్షణ లేదు. పత్తిచెక్క ఎక్కువ తిన్న కోడి గుడ్డులో పచ్చసొన ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఏ విత్తనంలో ఏ రూపం ఎంత ఉందో చప్పున తెలిస్తే మేత వాడకం మారిపోతుంది.

అణువు వాటం కనిపెట్టడానికి వృత్తాకార ధ్రువణ కాంతి ఉంది. ఎడమ రూపం, కుడి రూపం దాన్ని కాస్త తేడాగా పీలుస్తాయి. ఆ తేడా మాత్రం చాలా చిన్నది, ఎందుకంటే అణువు ఒక నానోమీటరు, కాంతి మెలిక వందల నానోమీటర్లకు ఒక చుట్టు. అణువు ఉన్న కొద్ది మేరలో క్షేత్రం దాదాపు తిరగదు. పురి ఎక్కించిన కిరణంతోనైనా తేడా పెరుగుతుందేమోనని చేసిన తొలి ప్రయోగాల్లో ఫలితం రాలేదు. లోహం ఇక్కడే పనికొస్తుంది. 2010లో గ్లాస్గో, ఎక్సెటర్ విశ్వవిద్యాలయాల వాళ్లు 400 నానోమీటర్ల బంగారు స్వస్తికాలను వరసలుగా పేర్చి, వాటి అంచుల దగ్గర క్షేత్రం మామూలు కాంతిలో కన్నా ఎంతో బిగువుగా మెలి తిరిగేలా చేశారు. ప్రోటీన్లు చాలా కొద్ది మోతాదులో ఉన్నా వాటి వాటం బయటపడింది. ఎడమ స్వస్తికాల పలక, కుడి స్వస్తికాల పలక రెండింటి మీదా కొలిచి తేడా తీస్తేనే లోహం సొంత వాటం పోయి అణువు వాటం మిగులుతుంది.

గాసిపాల్‌కు ఇదే చేయాలంటే బంగారం చాలదు. గాసిపాల్ ఎక్కువగా పీల్చేది ఊదా, అతినీలలోహిత కాంతిని. ఆ రంగుల్లో బంగారపు ఎలక్ట్రాన్లు సరిగా ఊగవు, అందుకే బంగారం మన కంటికి పసుపు. అతినీలలోహితంలో బాగా పనిచేసే లోహం అల్యూమినియం. గాలి తగలగానే దాని మీద ఏర్పడే రెండు మూడు నానోమీటర్ల ఆక్సైడు పొర దాన్ని ఆ తర్వాత కాపాడుతుంది. ఖరీదు బంగారంతో పోల్చనక్కర్లేదు. ఇలాంటి ఎడమ, కుడి అల్యూమినియం పలకలు రెండు, పత్తిగింజ నుంచి తీసిన సారం, ఒక అతినీలలోహిత దీపం, వాటం మార్చే ఒక క్వార్ట్జ్ పలక ఉంటే ప్రయోగం మొదలుపెట్టవచ్చు.